రెండు వందల పద్నాలుగు బైట్లు

మా పిన్ని ఆరో అంతస్తులో ఇరుక్కుపోయి ఆ శుక్రవారానికి పదకొండో రోజు.

ఇరుక్కుపోవడమంటే గదికి గడియ పడి కాదు. మోకాలి ఆపరేషన్ అయి నెల దాటింది. ఇంకో రెండు నెలలు మెట్ల జోలికి వెళ్లావంటే మళ్లీ నా దగ్గరికి రాకు అని డాక్టరు ఖరాఖండీగా చెప్పాడు. ఆ మేడకి ఉన్నది ఒక్కటే లిఫ్టు. దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు మీద పిడుగు ప్రతాపం చూపించింది. అందుకని పిన్ని పైనే ఉండిపోయింది, లోకమంతా కింద.

అదీ ఫర్వాలేదనుకుందాం. మర్నాడు శనివారం పొద్దున పదింటికి వీధి చివర లైబ్రరీలో చదరంగం ఫైనల్. పిన్నికి ఎదురు కూర్చునేది మందుల షాపాయన. మూడేళ్లుగా పిన్ని ఫైనల్ దాకా వెళ్లడం, ఆయన చేతిలో ఓడిపోయి రావడం, వారం రోజులపాటు ఆ షాపులో తలనొప్పి మాత్ర కూడా కొనకపోవడం మామూలైపోయింది. ఈసారి మాత్రం తేల్చుకోవాలని కంకణం కట్టుకుని కూర్చుంది. పది దాటి పావుగంటయ్యేలోపు కుర్చీలో కనబడకపోతే ఆడకుండానే ఓడినట్టు రాసేస్తారు.

మేడలో వాళ్లు మంచివాళ్లే. నలుగురం పట్టుకుని కుర్చీలో దించుతామని వచ్చారు. పిన్ని వాళ్లకి కాఫీ ఇచ్చి మర్యాదగా సాగనంపింది.

"నన్ను ఊరేగిస్తూ తెచ్చారని ఆయన ఏడాదంతా చెప్పుకుంటాడు. నా కాళ్లతో నేను వెళ్తే వెళ్తాను, లేకపోతే మానేస్తాను" అంది.

కాబట్టి ఆ లిఫ్టుని బతికించే పని నా నెత్తిన పడింది.

నేను చేసే ఉద్యోగం అలాంటిదే. పాత యంత్రాల్లో ఉండే ప్రోగ్రాములు బాగుచేస్తాను. బిస్కెట్లు కాల్చే పొయ్యి, అట్టపెట్టెలు మడిచే మిషను, రంగులు కలిపే మిషను, ఏదైనా సరే, తయారుచేసిన వాళ్లు చేతులెత్తేశాక నా దగ్గరికి వస్తుంది. నల్లటి తెర మీద అక్షరాలు టైపు చేసి పని చేయించుకునే రకాన్ని. బొమ్మ మీద నొక్కగానే లోపల ఏం చేసిందో చెప్పకుండా 'పూర్తయింది' అని పళ్లికిలించే సాఫ్ట్‌వేరంటే నాకు ఒళ్లు మంట. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆఫీసులో అంటారు. అది అక్కడ ఉండబట్టే వాళ్ల పనులవుతున్నాయని నేనంటాను.

ఈ విద్య నాకు నేర్పింది పిన్ని భర్త, మా బాబాయి. చిన్న లిఫ్టుల వర్క్‌షాపు నడిపేవాడు. పద్నాలుగేళ్ల కిందట ఈ మేడ కట్టినప్పుడు దాని లిఫ్టు ఆయనే చేశాడు, పిన్నితో కలిసి ఆరో అంతస్తులో కాపురం పెట్టిందీ అప్పుడే. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, కొత్తగా చదువు ముగించి ఆయన దగ్గర చేరాను. ఈ లిఫ్టుని నడిపే ప్రోగ్రాంలో అన్నీ ఆయన రాసినవే, ఒక్క ముక్క తప్ప. ఆ ఒక్కటీ నాది. లిఫ్టు కిందికి దిగి తలుపు తెరుచుకోగానే చిన్న పాట మోగుతుంది, ఎనిమిది స్వరాలు. అది నేను కట్టిందే.

బాబాయి పోయి నాలుగేళ్లవుతోంది. ఆయన కంప్యూటరు ఆయనకన్నా ముందే పోయింది. దాంతోపాటు ఆయన చేత్తో రాసిన ప్రోగ్రాం మూలమంతా పోయింది. నాకు మిగిలింది ఒక పాత డిస్కు, దాని మీద పదిహేడు ముక్కలు, ఒక కాగితం మీద ఆయన అక్షరాల్లో ఒకే ఒక్క పొడుగాటి కమాండు.

ముక్కలంటే ఏమిటో చెప్పాలి. ప్రోగ్రాం మొత్తం ఒక్క గుక్కలో పుట్టదు. మోటారు సంగతి ఒక ఫైలు, బ్రేకు సంగతి ఇంకో ఫైలు, తలుపు, బరువు, బటన్లు, ఇలా దేనికదే రాస్తారు. ఒక్కోటీ విడివిడిగా యంత్రానికి అర్థమయ్యే అంకెల్లోకి మారి ముక్కగా కూర్చుంటుంది. బ్రేకు ముక్కకి మోటారు ముక్క పేరు తెలుసు, కానీ అది ఎక్కడుంటుందో తెలియదు. వీటన్నిటినీ పేర్లు చెప్పి లింకర్ అనే ప్రోగ్రాంకి అప్పజెప్పాలి. అది కొత్త మేడలో ఫ్లాట్లు కేటాయించినట్టు ఒక్కో ముక్కకీ చోటు చూపించి, ఎవరు ఎవరిని పిలుస్తారో చూసి, వాళ్ల చిరునామా వీళ్ల దగ్గర రాసిపెడుతుంది. అప్పుడు ఆ పదిహేడూ కలిసి నడిచే ఒక్క ప్రోగ్రాం అవుతాయి. మూలం లేదు కాబట్టి ఏ ముక్క లోపలా నేను వేలు పెట్టలేను. ఏది కలపాలి, ఏది వదలాలి, అంతవరకే నా చేతిలో ఉంది.

శుక్రవారం పొద్దున నేను ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని మెట్లెక్కుతుంటే మూడో అంతస్తు దగ్గర కార్యదర్శి గారు అడ్డం పడ్డారు. ఆ మేడ సంఘానికి ఆయనే కార్యదర్శి. రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన జేబులో పెన్ను లేకపోయినా లేకపోవచ్చుగానీ స్టాప్‌వాచీ లేకుండా ఉండదు.

"ఎలాగూ చెయ్యి పెడుతున్నావు కదమ్మా, ఆ ఆరో అంతస్తు జబ్బు కూడా ఓ చూపు చూడు" అంటూ ఫిర్యాదుల పుస్తకం తెరిచి చూపించారు.

ఆరో అంతస్తు జబ్బు నాకు తెలియనిది కాదు, ఆ మేడలో తెలియనివాళ్లు లేరు. కింద వీధి గుమ్మం దగ్గర తలుపు మళ్లీ ఎవరో బటన్ నొక్కేదాకా తెరిచే ఉంటుంది. పైన అన్ని అంతస్తుల్లోనూ నాలుగు సెకన్లు తెరిచి ఉండి మూసుకుంటుంది. ఆరో అంతస్తులో మాత్రం ఎవరి కోసమో చూస్తున్నట్టు నోరు తెరుచుకుని అలా నిలబడిపోతుంది. కార్యదర్శి గారు ఏటేటా కొలిచి రాశారు. మొదటి ఏడాది మిగతా చోట్లకన్నా మూడు సెకన్లు ఎక్కువ. నాలుగో ఏడాది ఆరు. తొమ్మిదో ఏడాది పది. పోయిన ఏడాది పద్నాలుగు. ప్రతి ఫిర్యాదు పక్కనా బాబాయి దస్తూరీలో ఒకే జవాబు: 'పరిశీలించాను. లోపం లేదు.' కిందటి నాలుగేళ్లవి మాత్రం ఖాళీ గళ్లు.

"ఏటికేడూ ముదురుతోందమ్మా. ఆయన్ని అడిగితే లోపం లేదనే రాసేవాడు" అన్నారు కార్యదర్శి గారు.

"మా బాబాయికి ఉన్న ఒకే ఒక్క లోపం అదేనండీ. తన పనిలో లోపం ఉందంటే ఒప్పుకోడు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మధ్యాహ్నానికి మెకానిక్ కొత్త బోర్డు పట్టుకొచ్చాడు. బాబాయి దగ్గర పనిచేసినవాడే, ఆయన పేరు చెబితే ఇప్పటికీ లేచి నిలబడతాడు. పాత చిప్పు తయారవడం మానేసి చాలా ఏళ్లయిందట. పది షాపులు తిరిగితే దాని తమ్ముడులాంటిది దొరికింది. పని అదే చేస్తుంది, మెమరీ కాస్త తక్కువ.

"సరిపోతుందంటారా అక్కా?" అన్నాడు.

"సరిపోక చస్తుందా" అన్నాను. నాకు నోటి దురుసు కూడా ఉంది.

పిన్ని భోజనాల బల్ల మీద ఒక చివర నేను ల్యాప్‌టాప్ తెరిచాను. రెండో చివర పిన్ని చదరంగం బల్ల పరిచింది. తెల్ల పావులూ తనే, నల్ల పావులూ తనే. నల్లవాళ్లు గెలిచేలా ఉంటే తెల్లవాళ్ల తరఫున నాలుగు తిట్లు తిట్టి, లేచి ఇటు కుర్చీలోంచి అటు కుర్చీలోకి మారుతుంది. చేతికర్ర సాయంతో ఆ మారడానికి పట్టే సమయంలో ఒక కాఫీ తాగొచ్చు.

బాబాయి కాగితం ముందు పెట్టుకుని కమాండు టైపు చేశాను. పదిహేడు ముక్కల పేర్లు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా బాబాయి పేర్లు అచ్చ తెలుగువి: తలుపు, బరువు, లెక్క, ఆరు, పాట. చివర్న 'మొదలు సమానం సున్నా' అని ఒక తోక. అదెందుకో నాకు ఎన్నడూ తెలియదు. ఆయన రాశాడు కాబట్టి నేనూ కొడతాను, ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు తాళం రెండుసార్లు లాగి చూసుకున్నట్టు.

లింకర్ నా మొహాన ఒకే వాక్యం కొట్టింది. ప్రోగ్రాం ఉన్న చోటుకన్నా రెండు వందల పద్నాలుగు బైట్లు ఎక్కువైందట.

"ఏమంటుందే?" అంది పిన్ని తల ఎత్తకుండా.

"చోటు చాల్లేదంటోంది. రెండొందల పద్నాలుగు బైట్లు."

"అంటే ఎంత?"

"ఇంగ్లీషు అక్షరాలైతే రెండొందల పద్నాలుగు. మన తెలుగైతే ఒక్కో అక్షరానికి మూడు పడతాయి. ఓ డెబ్బై అక్షరాలనుకో."

"మనది ఎప్పుడూ కాస్త విశాలమే" అని పిన్ని గుర్రాన్ని జరిపింది.

ఒక్క బైటు ఎక్కువైనా లింకర్ ఒప్పుకోదు. బస్సులో కాస్త సర్దుకోండి అంటే సర్దుకునే జాతి కాదు అది. ఏ ముక్క ఎంత చోటు తింటోందో పట్టీ రాసివ్వమంటే మాత్రం నిజాయితీగా ఇస్తుంది. పట్టీ తీసి చూశాను. మోటారూ, బ్రేకూ, బరువూ ముట్టుకుంటే నన్ను జైల్లో పెట్టాలి. తలుపుకి మనిషి తగిలితే వెనక్కి తెరుచుకునే ముక్కా అంతే. అలా కొట్టేసుకుంటూ రాగా చివరికి రెండు మిగిలాయి. 'ఆరు', రెండు వందల నలభై బైట్లు. 'పాట', రెండు వందల అరవై రెండు.

పాట తీసెయ్యాలన్న ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది. రాగానే దాని మొహం మీద తలుపేశాను. అది నా జీవితంలో నేను రాసి, నిజంగా నడిచిన మొదటి ముక్క. బిగించిన రోజు బాబాయి అది వినడానికే తొమ్మిదిసార్లు పైకీ కిందకీ తిరిగాడు. మేడలో పిల్లలు ఆ పాట ఈలవేస్తూ బడికి వెళ్తారు. పాల ప్యాకెట్లు వేసే ఆయన కూడా దాన్నే కూనిరాగం తీస్తాడు. అది నేను కట్టిందని వాళ్లెవరికీ తెలియదు. తెలియకపోయినా నాకు చాలు.

'ఆరు' అంటే ఆరో అంతస్తు జబ్బే కదా. పద్నాలుగేళ్ల ఫిర్యాదు. దాన్ని పీకేస్తే చోటూ దొరుకుతుంది, కార్యదర్శి గారి గుండె మంటా చల్లారుతుంది. ఇంతకన్నా తేలికైన నిర్ణయం ఏముంటుంది అనుకున్నాను.

ఊరికే తీసేస్తే కుదరదు. తలుపు ముక్క 'ఆరు' అని పిలుస్తుంది, పలికేవాళ్లు లేకపోతే లింకర్ మళ్లీ గొడవ పెడుతుంది. అందుకని ఎనిమిది బైట్ల ఉత్తుత్తి ముక్క ఒకటి రాశాను. 'ఎంతసేపు ఆగాలి' అని తలుపు అడిగితే 'సున్నా' అని చెప్పి వచ్చేస్తుంది. దాన్ని 'ఆరు' చోట పెట్టి మళ్లీ కమాండు కొట్టాను. లింకర్ ఏమీ అనలేదు. అంతా బాగుంటే అది నోరు విప్పదు, మెచ్చుకోదు. దానిలో నాకు నచ్చే గుణమే అది.

సాయంత్రం ఐదింటికి, డాబా మీద మోటారు గదిలో కేబులు పెట్టి ప్రోగ్రాం ఎక్కించాను. మెకానిక్ బ్రేకులు చూశాడు, తలుపు అంచుకి చెయ్యి పెట్టి చూశాడు, సరే అన్నాడు. లిఫ్టు కదిలింది. కిందికి దిగి నా పాట పాడింది. పదకొండు రోజులు మెట్లెక్కి దిగిన జనం చప్పట్లు కొట్టారు. కార్యదర్శి గారు స్టాప్‌వాచీ పట్టుకుని పై అంతస్తులన్నీ తిరిగొచ్చి, "అన్ని చోట్లా నాలుగే, ఆరో అంతస్తుతో సహా" అని నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. నేను గాల్లో తేలిపోతున్నాను.

అప్పుడు పిన్ని బయటికొచ్చింది.

కొత్త చెప్పులు వేసుకుని, రేపటికి ముందు ఒకసారి వెళ్లొస్తానని కర్ర టకటకలాడిస్తూ లిఫ్టు దాకా వచ్చి బటన్ నొక్కింది. తలుపు తెరుచుకుంది. పిన్ని కర్ర ముందుకి వేసింది. బాగున్న కాలు లోపల పెట్టింది. ఆపరేషన్ కాలు ఎత్తబోతుంటే తలుపు వచ్చి భుజానికి తగిలి, ఉలిక్కిపడ్డట్టు వెనక్కి పోయింది. దెబ్బేమీ తగల్లేదు. కానీ కర్ర జారి చప్పుడు చేస్తూ కింద పడింది. పిన్ని గోడ పట్టుకుని నిలబడిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ అంతే. మూడోసారి తలుపు తెరుచుకున్నా అడుగు వెయ్యలేదు, దాన్ని చూస్తూ ఉండిపోయింది. అది నాలుగు సెకన్లాగి మూసుకుంది.

"నేను బటన్ నొక్కి పట్టుకుంటాను పిన్నీ, నువ్వు నెమ్మదిగా రా" అన్నాను.

"రేపు నువ్వు పట్టుకుంటావు. సోమవారం నువ్వు మీ ఇంటికి పోతావు. అప్పుడో?"

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాం."

"ఎవరో తలుపు పట్టుకుంటే తప్ప గడప దాటలేనిదాన్నై నేను ఎక్కడికీ రాను" అంది. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "ఇన్నాళ్లూ ఈ తలుపు నాకోసం ఆగేదే. ఇవాళ పరాయిదాన్ని చూసినట్టు చూసింది" అంది.

లోపలికెళ్లి పావులన్నీ డబ్బాలో వేసి మూత పెట్టింది. లైబ్రరీకి ఫోన్ చేసి రావట్లేదని చెప్పెయ్యమంది. పొద్దున చేస్తానన్నాను.

ఆ మాటే నన్ను తెల్లవారుజామున లేపి కూర్చోబెట్టింది. నాకోసం ఆగేదే. పాడైపోయిన తలుపైతే అన్ని చోట్లా పాడవాలి. ఒక్క అంతస్తులోనే, అదీ పిన్ని ఉన్న అంతస్తులోనే ఎందుకు పాడవుతుంది? పైగా లోపానికి బాబాయి సొంతంగా ఒక ముక్క కేటాయించి, దానికి పేరెందుకు పెడతాడు? పద్నాలుగేళ్లలో ఇంత చిన్న ప్రశ్న నాకు తట్టనే లేదు. ఇంజనీరునని గొప్ప ఒకటి.

మూలం లేకపోయినా, ముక్క లోపలి అంకెలని విప్పి ఒక్కో ఆజ్ఞనీ వరసగా చూపించే పనిముట్టు ఉంది. కాఫీ పెట్టుకుని 'ఆరు'ని విప్పాను. మొదట్లో ఐదు ఆజ్ఞలు. లిఫ్టు ఆరో అంతస్తులో ఆగిందా? ఆగితే, అది ఇప్పటిదాకా ఎన్నిసార్లు తిరిగిందో 'లెక్క'ని అడుగు. దాన్ని పాతికవేలతో భాగించు. వచ్చిన అంకెని బట్టి కింది పట్టికలో గడి చూడు. ఆ గడిలో ఉన్నన్ని సెకన్లు ఎక్కువ ఆగు.

పట్టికలో ముప్పై గళ్లున్నాయి. మొదటి గడిలో మూడు. తర్వాత నాలుగు. తర్వాత ఐదు. అలా ఒక్కోటీ పెరుగుతూ చివరి గడిలో ముప్పై రెండు.

ఆ లిఫ్టు పాతికవేలసార్లు తిరగడానికి ఏడాదీ, ఇంకో నెలన్నరా పడుతుంది. అంటే ఆయన, యాభై నాలుగేళ్ల పిన్ని గబగబా నడుస్తున్న రోజుల్లోనే, ఆమె మోకాళ్లు ఏ ఏడాదికి ఎంత నెమ్మదిస్తాయో కూర్చుని లెక్కేశాడు. ఒక్కో ఏడాదికీ ఒక్కో సెకను. తను ఉంటాడో ఉండడో తెలియని ఏళ్లకి కూడా సెకన్లు ముందే నింపిపెట్టాడు. ఇప్పటిదాకా పదమూడు గళ్లు తెరుచుకున్నాయి, ఆయన పోయాక కూడా టైముకి తెరుచుకుంటూనే ఉన్నాయి. దాన్ని మేమంతా జబ్బన్నాం. నేను నవ్వాను. నవ్వి, పీకి పారేశాను.

ఏడుపొచ్చింది. వంటింట్లో కుళాయి తిప్పి మొహం కడుక్కునే మిషతో కాసేపు ఏడ్చాను.

తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాను. 'ఆరు' వెనక్కి రావాలి. రెండు వందల పద్నాలుగు బైట్లు ఇంకెక్కడో దొరకాలి. ఎక్కడ దొరుకుతాయో నాకు నిన్ననే తెలుసు. ఈసారి ఆ ఆలోచనకి తలుపు తీశాను. 'పాట' అని పిలిస్తే ఏమీ పాడకుండా తిరిగొచ్చే ఆరు బైట్ల ముక్క రాయడానికి నిమిషం పట్టింది. కమాండులో పాట పేరు చెరపడానికి మాత్రం మూడు నిమిషాలు పట్టింది.

ఎంటర్ కొట్టబోతూ ఆగాను. కొత్త బోర్డుకి తిరుగుళ్ల లెక్క తెలియదు, సున్నా నుంచి మొదలెడుతుంది. అప్పుడు పిన్నికి దొరికేది మొదటి గడి, మూడే సెకన్లు. అరవై ఎనిమిదేళ్ల మనిషిని మళ్లీ యాభై నాలుగేళ్లదాన్ని చేస్తే మోకాళ్లు ఒప్పుకోవు కదా. అప్పుడు కాగితం చివర బాబాయి రాసిన తోక కనబడింది. మొదలు సమానం సున్నా. ఎప్పుడో ఒకప్పుడు బోర్డు మారుతుందని కూడా ఆయనకి తెలుసు. మారినప్పుడు సున్నా చోట ఏం వెయ్యాలో కనుక్కోవాల్సింది నేనే.

డాబా మీదికి పరిగెత్తాను. మోటారు పక్కన ఇనప్పెట్టె మీద, తిరిగినప్పుడల్లా అంకె మారే చిన్న మీటరు ఉంది, పిడుక్కి కూడా లొంగనిది. దుమ్ము తుడిస్తే మూడు లక్షల పదకొండు వేల నాలుగు వందల ఎనభై రెండు. అరచేతి మీద రాసుకుని కిందికొచ్చి, సున్నా చెరిపేసి అది కొట్టాను. లింకర్ ఒక్క క్షణం ఆలోచించి, ఏమీ అనకుండా ఊరుకుంది. పట్టీ చూస్తే ఇంకా నలభై రెండు బైట్లు మిగిలాయి.

మెకానిక్ ఎనిమిదింటికే వచ్చి బ్రేకూ తలుపూ మళ్లీ పరీక్షించాడు. తొమ్మిదిన్నరకి పిన్ని గదిలోకి వెళ్లాను. పేపరు తిరగేసి పట్టుకుని చదువుతున్నట్టు కూర్చుంది.

"ఫోన్ చేశావా?"

"చెయ్యలేదు. ఒక్కసారి లిఫ్టు దాకా రా. నేను దేన్నీ పట్టుకోను. ఒట్టు."

సణుగుతూనే వచ్చింది. బటన్ నొక్కింది. తలుపు తెరుచుకుంది. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. నాలుగు సెకన్లయ్యాయి. పిన్ని భుజాలు బిగుసుకున్నాయి. తలుపు కదల్లేదు. ఎనిమిదయ్యాయి. కర్ర లోపలికి వేసింది. పన్నెండు. బాగున్న కాలు. పదిహేను. రెండో కాలు. లోపలికెళ్లి, తిరిగి, కర్ర సర్దుకుని, నావంక చూసింది. అప్పుడు మూసుకోవడం మొదలుపెట్టింది తలుపు. నేను దూరాను.

దిగుతున్నంతసేపూ చెప్పాను. ముప్పై గళ్లు, ఏడాదికో సెకను, అన్నీ. పిన్ని అంకెలు మారే ఎర్ర దీపాలకేసి చూస్తూ వింది.

"నాతో ఒక్క మాట అనలేదే" అంది. ఇంకో అంతస్తు దిగాక, "యాభై నాలుగేళ్లకే నన్ను ముసలిదాన్ని చేసి కూర్చోబెట్టాడన్నమాట" అంది. కళ్లు తుడుచుకుంది. "ఆ చివరి గడి నాటికి నాకెన్నేళ్లు?"

"ఎనభై ఏడు."

"అక్కడెందుకు ఆపాడు? తర్వాత నేను నడవనా?"

"ఆపలేదు పిన్నీ. గళ్లు అయిపోతే చివరిదే నడుస్తూ ఉంటుంది. ఎన్నేళ్లైనా."

"అలా చెప్పు" అంది.

కింద తలుపు తెరుచుకుంది. ఏ పాటా రాలేదు. పిన్ని ఒక కాలు బయటపెట్టి ఆగింది.

"నీ పాటేదే?"

"చోటు చాల్లేదు."

పిన్ని నా మొహంలోకి చూసింది. నా చెంప మీద చిన్నగా తట్టి, కర్ర టకటకలాడిస్తూ వీధిలోకి నడిచింది. ఆ ఎనిమిది స్వరాలనీ రెండు తప్పులతో కూనిరాగం తీస్తూ లైబ్రరీ దాకా వెళ్లింది. నేను సరిదిద్దలేదు.

మందుల షాపాయన యాభై ఎనిమిదో ఎత్తు దగ్గర చేతులెత్తేశాడు. ఎత్తు ఎత్తుకీ ఆవిడ తీసుకునే సమయం భరించలేక తొందరపడి ఏనుగుని పోగొట్టుకున్నానని అందరితో చెప్పుకున్నాడు. పిన్ని తిరిగొచ్చేటప్పుడు ఆయన షాపులో ఆగి, అవసరం లేకపోయినా రెండు తలనొప్పి మాత్రలు కొంది.

సాయంత్రం కార్యదర్శి గారు ఆరో అంతస్తుకి వచ్చారు. ఒక చేతిలో స్టాప్‌వాచీ, ఒక చేతిలో ఫిర్యాదుల పుస్తకం.

"పాట ఆగిపోయిందమ్మా. అది పోతే పోయింది. ఆ జబ్బు మాత్రం తిరగబెట్టింది. ఈసారి పదిహేను" అన్నారు దిగులుగా. తారీఖు వేసి, అప్పటికే రాసేశారు కూడా.

పిన్ని సోఫాలోంచి నావైపు చూసింది. ఆయనకి మొత్తం కథ చెప్పొచ్చు. చెబితే పాపం ఆ పద్నాలుగేళ్ల కొలతలన్నీ ఏమైపోవాలి. ఇంకో పదిహేడు గళ్లున్నాయి, ఆయన కొలుచుకోవడానికి. నేను పుస్తకం అందుకుని ఆయన ఫిర్యాదు పక్క గడిలో రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.

ఆయన కళ్లజోడు సర్దుకుని పైకి చదివారు.

"పరిశీలించాను. లోపం లేదు."